రోగి రికార్డు – కంప్యూటరు – మన బాధ్యత

శతవార్షికోత్సవముల సందర్భముగా ద్రాక్షారామంలో జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగము



ఈ సదస్సులో నాకిచ్చిన అంశము “రోగి సంరక్షణలో కంప్యూటరు రికార్డుల ఉపయోగము”. ఆ ఉత్తరము చేతికి వచ్చినప్పుడు నిజముగా జంకాను. నేను డాక్టరును కాను, ఇంజనీరును కాను. వేదాంత కళాశాలలో చదువుకున్నవాడను. నాకు తెలిసిన రికార్డులు మూడే. బాప్తిస్మముల రిజిస్టరు, వివాహముల రిజిస్టరు, భూస్థాపనల రిజిస్టరు. అయినా మాట్లాడుటకు ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో కొంతసేపటిలో మీకే తెలుస్తుంది.

మనము కూడుకున్న ఈ ద్రాక్షారామం రికార్డు విలువ తెలియని ఊరు కాదు. ఇక్కడి భీమేశ్వరాలయపు గోడలమీద, స్తంభములమీద వందలకొలది శాసనములున్నాయి. శతాబ్దముల క్రిందట అఖండ దీపమునకు నేయి కోసము ఎవరు ఎన్ని గొర్రెలను, ఎన్ని ఆవులను ఇచ్చారో రాతిమీద చెక్కించారు. ఏ మతస్థుడైనా చరిత్ర చదువుకున్నవాడు వాటిని గౌరవించక తప్పదు. వాటిలో నాకు ముఖ్యముగా తోచిన సంగతి ఒకటున్నది. “ఇన్ని గొర్రెలు ఇచ్చాము” అని మాత్రమే వ్రాసి ఊరుకోలేదు. ఆ గొర్రెలను ఏ బోయలకు అప్పగించారో, దీపమునకు నేయి ఎవరు పోయాలో అది కూడ పేర్లతో వ్రాయించిన శాసనములున్నాయి. అంటే వ్రాతతోపాటు బాధ్యతను కూడ అప్పగించారు. ఈ మాటను దయచేసి మనసులో ఉంచుకోండి. నా ప్రసంగమంతా చివరకు అక్కడికే వస్తుంది.

వందల ఏండ్లనాటి నేతి లెక్క మన ఊరిలో దొరుకుతుంది. మరి పోయిన సంవత్సరము మన అమ్మగారి బి.పి. ఎంత ఉన్నదో అడిగితే చెప్పగలవారు మనలో ఎందరున్నారు?

మన ఇళ్ళలో రోగి రికార్డు ఎక్కడ ఉంటుందో అందరికి తెలుసు. బట్టల కొట్టువారు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. అందులో నాలుగు ఆసుపత్రుల చీటీలు, వంగిపోయిన ఎక్స్‌రే ఫిల్ము, అక్షరములు వెలసిపోయిన ఇ.సి.జి. కాగితము, సగము వాడిన మాత్రల అట్ట, రేషను కార్డు జిరాక్సు కలిసి ఉంటాయి. ఆ సంచి బీరువామీదనో అటకమీదనో ఉంటుంది. అర్ధరాత్రి ఆయాసము వచ్చి ఆటోలో రామచంద్రపురమో కాకినాడో బయలుదేరినప్పుడు ఆ సంచి ఇంటివద్దనే ఉండిపోతుంది. అక్కడ డ్యూటీ డాక్టరు “ఏ మందులు వాడుతున్నారమ్మా?” అని అడుగుతారు. “పొద్దున్న తెల్ల బిళ్ళ, రాత్రి గులాబి బిళ్ళ అండి” అని మనము చెప్తాము. ఆ డాక్టరు దేవునివంటివాడైనా ఆ జవాబుతో ఏమి చేయగలడు? మళ్ళీ అన్ని పరీక్షలు మొదటినుండి వ్రాస్తాడు. మళ్ళీ డబ్బు, మళ్ళీ ఆలస్యము.

ఇప్పుడు నా స్వంత సంగతి ఒకటి చెప్పాలి. ఎవరినీ నిందించుటకు చెప్పడము లేదు. అందుకే ఏ ఆసుపత్రి పేరూ చెప్పను.

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి రిటైరయినారు. షుగరు ఉండేది. మోకాళ్ళ నొప్పులు ఉండేవి. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఊరిలో దొరికే నొప్పి బిళ్ళలు వేసుకునేవారు. ఒకసారి ఉచిత వైద్య శిబిరములో రక్తపరీక్ష చేయించుకున్నారు. మరొకసారి కంటి శుక్లముల ఆపరేషనుకు ముందు చేశారు. ఇంకొకసారి జ్వరము వచ్చి ఒక పట్టణములో చేర్చినప్పుడు చేశారు. మూడు చోట్ల, మూడు వేర్వేరు సంవత్సరములలో, మూడు వేర్వేరు కాగితములు. 2017లో కాళ్ళు, ముఖము వాచినప్పుడు కిడ్నీల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. అదృష్టవశాత్తు ఈసారి సంచి వెంట తీసుకుపోయాము. ఆ డాక్టరుగారు సంచిలోనివన్నీ బల్లమీద కుమ్మరించి, రక్తపరీక్షల కాగితములను మాత్రము ఏరి, తేదీల ప్రకారము ఒక వరుసలో పెట్టారు. క్రియాటినిన్ అనే అంకెమీద కలముతో సున్నాలు చుట్టారు. మొదటి కాగితములో 1.3. రెండవదానిలో 1.7. మూడవదానిలో 2.4. ఆ రోజు చేసిన పరీక్షలో 6 దాటింది.

ఆయన తలయెత్తి, “పాస్టరుగారూ, ఇవి మెట్లలాగ కనిపించడము లేదా? ఈ మూడు కాగితములు ఎవరైనా ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూచి ఉంటే, నొప్పి బిళ్ళలు అప్పుడే మానిపించేవారు” అన్నారు.

ఆ మాటకు నాకు నోట జవాబు రాలేదు. ఆ కాగితములు ఎవరి దగ్గర ఉన్నాయి? మా ఇంటిలోనే ఉన్నాయి. మూడు ఆసుపత్రులలో ఎవరి పని వారు చేశారు. ఎవరి అంకె వారు సరిగానే వ్రాశారు. అయితే మూడింటినీ కలిపి చదివినవారు లేరు. సంఘపు రిజిస్టర్లలో ఒక్క అక్షరము తప్పు పోకుండ చూచుకునే నేను, కన్నతండ్రి కాగితములను ఒక్కసారి వరుసలో పెట్టలేదు. నాన్నగారు ఆ తరువాత ఏడు నెలలు డయాలసిస్‌మీద ఉండి ప్రభువునందు నిద్రించారు. ముందే కనిపెట్టి ఉంటే ఎన్ని సంవత్సరములు బ్రతికేవారో నేను చెప్పలేను. కాని కొంత ఆలస్యమైనా అయ్యేదని డాక్టరుగారు చెప్పారు. ఆ “కొంత” అనే మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఈ అంశముమీద మాట్లాడుటకు ఒప్పుకున్నది అందుకే.

కంప్యూటరు రికార్డు అంటే ఏమిటో ఇప్పుడు అర్థము చేసుకోవడము తేలిక. ఆ డాక్టరుగారు బల్లమీద చేసిన పనిని ఎప్పటికప్పుడు తనంతట తానే చేసిపెట్టే ఏర్పాటు అది. అంతకు మించిన మాయ ఏమీ లేదు.

ఈ ఆలోచన కంప్యూటరుకంటె పాతది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మొదట ఏ డాక్టరు పుస్తకము ఆ డాక్టరుదే. రోగి ముగ్గురు డాక్టర్లను చూస్తే అతని సంగతి మూడు పుస్తకములలో చీలిపోయేది. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు దానిని మార్చాడు. ఒక రోగికి ఒక నంబరు, ఆ నంబరు క్రింద ఒకే కట్ట, ఎవరు చూచినా అందులోనే వ్రాయాలి. నేటి కంప్యూటరు రికార్డు ఆ కట్టకు పెద్ద రూపమే. ఆ కట్ట ఒక ఆసుపత్రి గోడల మధ్య ఉండేది, ఇది ఊరు దాటి వెళ్ళగలదు. ఆ కట్టను మనిషి తిప్పి చూడాలి, ఇందులో అంకెలు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. పెన్సిలిన్ పడని మనిషికి పెన్సిలిన్ వ్రాయబోతే తెరమీద హెచ్చరిక వస్తుంది. కిడ్నీ అంకె పెరుగుతున్నవానికి నొప్పి బిళ్ళ వ్రాయబోతే “ఆగండి” అని చెప్పగలదు. గర్భిణికి రావలసిన టీకా తేదీ దాటితే గుర్తు చేయగలదు.

అయితే ఒక ఆసుపత్రి కంప్యూటరు భాష మరొక ఆసుపత్రి కంప్యూటరుకు అర్థము కావాలి గదా? అందుకని కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఇటువంటి రికార్డులకు ప్రమాణములు ప్రకటించింది, 2016లో వాటిని సవరించింది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ప్రారంభమైనది. దాని క్రింద ఇచ్చే 14 అంకెల నంబరునే “ఆభా” అంటున్నాము. మన సంఘములలో దీని గురించి చాల గందరగోళమున్నది గనుక రెండు మాటలు స్పష్టముగా చెప్తాను. ఆభా నంబరు వేరు, ఆసుపత్రి ఖర్చు భరించే కార్డు వేరు. ఆభా ఉన్నంత మాత్రమున ఆపరేషను ఉచితము కాదు. అది మీ చీటీలను ఒక దారమునకు గుచ్చే సూది వంటిది. అది ఇష్టమున్నవారికే, బలవంతము లేదు. మీ కాగితములన్నీ ఢిల్లీలో ఒక గదిలో పోగుపడవు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. మీరు ఒప్పుకుంటేనే మరొక డాక్టరు చూడగలుగుతారు.

ఇక మన గోదావరి జిల్లాలలోనే జరిగిన రెండు పనులను మీ ముందు పెడతాను. ఈ విషయములో మనకు పాఠము దూరదేశమునుండి రానక్కరలేదు.

మొదటిది 2003–04 సంవత్సరములలో జరిగింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 45 గ్రామములను తీసుకున్నారు. బైర్రాజు ఫౌండేషన్, ది జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్ మొదలైన సంస్థలు కలిసి చేసిన పని ఇది. ఆ గ్రామములలో 1,80,000 మందికి పైగా జనాభా. ఒక సంవత్సర కాలములో ఎవరు చనిపోయినా, గ్రామ ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి, కుటుంబమువారితో కూర్చుని, చివరి రోజులలో ఏమి జరిగిందో అడిగి వ్రాసుకున్నది. గుండెలో నొప్పి వచ్చిందా? ఒక వైపు కాలు చేయి పడిపోయిందా? జ్వరమా? ఎన్ని రోజులు? ఆ కాగితములను డాక్టర్లు చదివి కారణము నిర్ణయించారు. ఆ విధముగా 1,354 మరణములు లెక్కకు వచ్చాయి. వాటిలో 32 శాతము గుండెపోటు, పక్షవాతము మొదలైన రక్తప్రసరణ వ్యాధుల వలన. అంటు వ్యాధుల వలన 12 శాతము మాత్రమే. గాయములు, ప్రమాదములు మొదలైనవాటి వలన 13 శాతము.

అప్పటివరకు మనము ఏమనుకునేవారము? గుండెజబ్బు పట్నపువారి రోగము, కూర్చుని తినేవారి రోగము అనుకునేవారము. వరినాట్లు వేసేవాడికి, కొబ్బరి దింపేవాడికి గుండెపోటు ఏమిటి అనుకునేవారము. పల్లెలో “గుండె ఆగి పోయాడు” అంటే అది కారణముగా కాక కర్మముగా విని ఊరుకున్నాము. ఎవరో ఇల్లిల్లు తిరిగి అడిగి వ్రాసేసరికి, మన పల్లెలలో మనుష్యులను ఎక్కువగా తీసుకుపోతున్నది ఏదో బయటపడింది. అది బి.పి. బిళ్ళతో, పొగాకు మానడముతో చాలవరకు తప్పించగలిగినది.

గురువులముగా మనకు ఇది కొత్త పని కాదు. లండను నగరములో పూర్వము చర్చి గుమాస్తాలు వారము వారము తమ పరిధిలోని మరణములు వ్రాసి పంపేవారు. 1662లో జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఆ పట్టికలన్నీ కూర్చి చదివి ఒక పుస్తకము వ్రాశాడు. పసిపిల్లలు ఎంతమంది పోతున్నారో, ప్లేగు ఎలా వచ్చి పోతున్నదో జనమునకు మొదటిసారి లెక్కలలో కనబడింది. భూస్థాపన రిజిస్టరు బ్రతికున్నవారికి కూడ పనికివస్తుందని ఆ బట్టల వ్యాపారి చూపించాడు.

రెండవ పని అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో 54 గ్రామములను తీసుకుని, ఆశా కార్యకర్తల చేతికి చిన్న టాబ్లెట్ యంత్రములు ఇచ్చారు. ఆమె నలభై ఏండ్లు దాటినవారి ఇంటికి వెళ్ళి, బి.పి. చూచి, కొన్ని ప్రశ్నలు అడిగి, అందులో నమోదు చేస్తుంది. ఈ మనిషికి గుండెజబ్బు వచ్చే ప్రమాదము ఎంత ఉన్నదో యంత్రము లెక్కకట్టి చెప్తుంది. ప్రమాదము ఎక్కువ ఉన్నవారిని ఆరోగ్య కేంద్రములోని డాక్టరు దగ్గరకు పంపుతారు. ఆమె వ్రాసినది డాక్టరుగారు తన యంత్రములో చూడగలుగుతారు. ఎంత చక్కని ఏర్పాటు! ఆశా కార్యకర్తలు ఆ పని చక్కగా చేయగలరని తేలింది. మన సంఘములలోని అమ్మాయిలు టాబ్లెట్ పట్టుకుని ఇల్లిల్లు తిరిగారంటే మనము గర్వపడవలసినదే.

కాని ఫలితము 2019లో ప్రచురించినప్పుడు ఒక సంగతి దాచకుండ చెప్పారు. ఆ యంత్రము వచ్చిన తరువాత, బి.పి. అదుపులోకి వచ్చినవారి నిష్పత్తి ముందుకంటె చెప్పుకోదగినంత పెరగలేదు.

స్నేహితులారా, ఇక్కడ కాసేపు ఆగాలి. యంత్రము తప్పు చెప్పలేదు. ఆశా కార్యకర్త తప్పు వ్రాయలేదు. మరి ఎందుకు తగ్గలేదు? మన పల్లెల సంగతి తెలిసిన మనకు జవాబు ఊహించడము కష్టము కాదు. కూలి మానుకుని ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళాలి. వెళ్ళినరోజు డాక్టరుగారు ఉండాలి. బిళ్ళలు నిలవ ఉండాలి. ఇచ్చిన బిళ్ళలు నెల తరువాత అయిపోతే మళ్ళీ వెళ్ళాలి. “ఒంట్లో బాగానే ఉన్నది గదా, ఇంకా బిళ్ళలెందుకు” అని మానకుండ ఉండాలి. ఇవి తెరమీద జరిగే పనులు కావు. గొర్రెల లెక్క చెక్కి, కాపరిని నియమించకపోతే దీపము వెలగదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడ ఉన్నది. క్షయరోగుల కోసము 2012లో “నిక్షయ్” అనే కంప్యూటరు నమోదు దేశములో మొదలైనది. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగి మందు మానేస్తాడు. తరువాత ఆ జబ్బు మొండిదై తిరిగివస్తుంది. నిక్షయ్‌లో పేరున్న మనిషి మందుకు రాకపోతే అది తెలుస్తుంది, తెలిసినప్పుడు ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటి తలుపు తట్టాలి. 2018 ఏప్రిల్‌నుండి పోషకాహారమునకు నెలకు 500 రూపాయలు ఆ నమోదు ద్వారానే బ్యాంకు ఖాతాలో పడ్డాయి. 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలు చేశారు. ఇక్కడ వ్రాతకు వెనుక మందున్నది, మనిషి ఉన్నాడు, భోజనమున్నది.

అలాగే మన రాష్ట్రములో 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పెద్ద ఆపరేషన్లకు అనుమతి అంతా కంప్యూటరు ద్వారానే వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. ఇప్పుడు దానిని ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నాము. కాని చదువురాని రైతుకు ఆసుపత్రిలో ఎదురైనది కంప్యూటరు కాదు, దాని ప్రక్కన కుర్చీలో కూర్చున్న ఆరోగ్యమిత్ర. “రండి తాతా, కార్డు ఇవ్వండి” అన్న ఆ మనిషి లేకపోతే ఆ యంత్రము అతనికి మరొక గోడ అయ్యేది.

ఇప్పుడు కొన్ని ప్రమాదములు చెప్పకపోతే నేను ఒకవైపే మాట్లాడినవాడనవుతాను.

కాగితము నమ్మదగినది కాదని మనకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమమీద విరుచుకుపడినప్పుడు నేను బడిలో చదువుతున్నాను. ఇండ్ల పైకప్పులు పోయిన ఊళ్ళలో భూమి పత్రములు, సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు అన్నీ ముద్ద అయిపోయాయి. అయితే యంత్రమునకు కూడ తుఫాను ఉన్నది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లమీద దుండగులు దాడిచేశారు. దాదాపు రెండు వారములు అంత పెద్ద ఆసుపత్రి చీటీలను చేతితో వ్రాసుకోవలసివచ్చింది. గనుక కంప్యూటరు వచ్చిందని ఇంటి సంచిని పారవేయవద్దు. సర్దిపెట్టండి.

రెండవది రహస్యము. మనకు దగ్గరలోనే రామచంద్రపురంలో కెనడియన్ బాప్తిస్టు మిషనరీ ఇసాబెల్ హ్యాచ్ కుష్ఠురోగుల కోసము ఆశ్రమము స్థాపించారు. ఆ రోజులలో అటువంటి చోట రిజిస్టరులో ఒక పేరు ఉన్నదని ఊరికి తెలిస్తే, ఆ ఇంటి ఆడపిల్లకు పెండ్లి కాదు, ఆ ఇంటివారికి బావి దగ్గర చోటు లేదు. నేడు కుష్ఠు పన్నెండు నెలల మందుతో నయమవుతుంది, కాని మనుష్యుల నోరు నయము కాలేదు. క్షయ, హెచ్.ఐ.వి., మానసిక వ్యాధి, గర్భస్రావము ఇటువంటి మాటలు తెరమీద ఎవరికి కనబడాలి, ఎవరికి కనబడకూడదు? 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసింది. చట్టము మంచిదే. కాని డేటా ఎక్కించే కుర్రవాడు బస్టాండులో నోరు విప్పితే ఏ చట్టము వెంటనే వచ్చి ఆపగలదు? పాపపు ఒప్పుకోలు విన్న గురువు ఎలా నోరు కట్టుకుంటాడో, రోగి రికార్డు చూచిన ప్రతివారు అలాగే ఉండాలి. ఇక్కడనున్న నర్సు సహోదరీలకు ఇది నేను నేర్పవలసినది కాదు.

మూడవది, తప్పుడు వ్రాత. కాగితముమీద తప్పు ఒక చోటనే ఉంటుంది. కంప్యూటరులో తప్పు పది చోట్లకు పోతుంది. తండ్రి రక్తపు గ్రూపు కొడుకు పేరున పడితే, ప్రతి ఆసుపత్రి దానినే నిజమని నమ్ముతుంది. మీ పేరు, పుట్టిన సంవత్సరము, పడని మందులు సరిగా ఉన్నాయో లేదో అడిగి చూచుకోవడము మీ హక్కు. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే మీరు విసుక్కోకండి, మరల అడగండి.

నాలుగవది, డాక్టరుగారి చూపు. తెరమీద అంకెలు నింపడములో పడి రోగి ముఖము చూడకపోతే, రికార్డు నిండుతుంది, రోగి మిగిలిపోతాడు. మంచి సమరయుని కథ మనమందరము ఎరుగుదుము. అతడు గాయపడినవానిని పూటకూళ్ళ ఇంటికి చేర్చి అప్పగించి వెళ్ళిపోలేదు. ఖర్చుకు డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగివచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. ఒక చేతినుండి మరొక చేతికి రోగిని అప్పగించేటప్పుడు ఇవ్వవలసినవి మూడూ అందులో ఉన్నాయి. సమాచారము, సామగ్రి, తిరిగివస్తానన్న మాట. మన కంప్యూటరు మొదటిదానిని చాల బాగా ఇవ్వగలదు. మిగిలిన రెండూ మనుష్యులే ఇవ్వాలి.

అయితే మన సంఘములు ఏమి చేయగలవు? లక్షల రూపాయల పథకము నేను చెప్పడము లేదు. నాలుగు చిన్న పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ప్రతి ఇంటికి ఒక ఆరోగ్య పుస్తకము. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. ఇంటిలో ఒక్కొక్కరికి కొన్ని పేజీలు. పడని మందులు మొదటి పేజీలో ఎర్రసిరాతో వ్రాయాలి. తరువాత తేదీ, బి.పి., షుగరు, క్రియాటినిన్, వాడుతున్న మందుల పేర్లు. చీటీలను తేదీ వరుసలో ఒక ఫైలులో పెట్టాలి. ఇదే కంప్యూటరు రికార్డుకు పునాది. చీటీలు వరుసలో లేని ఇంటికి కంప్యూటరు వచ్చినా ఆ గందరగోళమే అందులోకి ఎక్కుతుంది.

రెండు. మన యువజనులు. ఒక ఫోను చేతిలో పెట్టుకుని రోజుకు ఎన్ని గంటలు గడుపుతున్నారో వారికే తెలుసు. నెలకు ఒక ఆదివారము మధ్యాహ్నము, కోరుకున్న వృద్ధులకు మాత్రమే, వారి ఎదుటనే, వారి ఫోనులోనే ఆభా నంబరు తీసి ఇవ్వండి. పాత రిపోర్టులను ఫొటో తీసి ఆ వృద్ధుల ఫోనులోనే ఉంచండి. మీ ఫోనులో ఒక్కటి కూడ మిగలకూడదు. ఇది నియమముగా పెట్టుకోండి.

మూడు. ఆశా కార్యకర్తకు తోడు. ఆమె యంత్రములో ఎర్రగుర్తు పడిన మనిషి ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళకపోతే, ఆమె మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఆ మనిషి ఒప్పుకుంటే, స్త్రీల సమాజమువారు ఒకరు తోడుగా వెళ్ళి, బిళ్ళలు తెచ్చి, నెల తరువాత మరల గుర్తు చేయవచ్చు. 54 గ్రామములలో యంత్రము పూర్తి చేయలేకపోయిన పని ఇది. దీనికి చదువు అక్కరలేదు, జ్ఞాపకము కావాలి.

నాలుగు. తోటి గురువులకు ఒక మనవి. భూస్థాపన రిజిస్టరులో “కారణము” అనే గడి ఉన్నచోట మనము సామాన్యముగా “జబ్బు” అనో “వృద్ధాప్యము” అనో వ్రాస్తాము. కుటుంబమువారిని మెల్లగా అడిగి, వారు ఒప్పుకుంటే, సరియైన మాట వ్రాద్దాము. సంవత్సరాంతమున ఆ పేజీలు ఒకసారి తిరగవేసి చదువుదాము. పక్షవాతముతో ఎంతమంది పోయారు, మూత్రపిండములతో ఎంతమంది, పాముకాటుతో ఎంతమంది? పేర్లు బయటపెట్టకుండ ఆ లెక్కను మాత్రము మన సంఘములో చెప్పుకుందాము. వచ్చే సంవత్సరము ఏమి చేయాలో ఆ పేజీలే మనకు చెప్తాయి.

ఈ చివరి మాట ఎందుకు చెప్తున్నానంటే, మా నాన్నగారి భూస్థాపన వివరములు రిజిస్టరులో నేనే వ్రాశాను. పేరు, తండ్రి పేరు, వయస్సు, తేదీ అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి. కారణము అనే గడి దగ్గరకు వచ్చి ఆగాను. “జబ్బు” అని వ్రాసి పుస్తకము మూసేశాను. చాల కాలము తరువాత, ఈ ప్రసంగము సిద్ధపరచుకుంటున్న రాత్రి, ఆ పుస్తకము మరల తెరిచాను. కొట్టివేతలు రిజిస్టరులో పనికిరావు గనుక, నియమము ప్రకారము అంచున తేదీ వేసి, సంతకము చేసి, సరియైన మాట వ్రాశాను. అది ఆయనకు ఇప్పుడు ఉపయోగపడదు. మీలో ఎవరి తండ్రికైనా ఉపయోగపడితే చాలును.

ఇంటికి వెళ్ళిన తరువాత ఈ రాత్రే ఆ సంచి క్రిందికి దించండి. చీటీలు తేదీల వరుసలో పెట్టండి. తరువాత వాటిని చదివేవారి దగ్గరకు తీసుకువెళ్ళండి.

 దేవుడు మన రోగులను, వారిని చూచుకునే చేతులను దీవించును గాక.